ముందే నింపి పెట్టిన పెట్టెలు: ఆటోహాట్‌కీలో బిల్టిన్ వేరియబుల్స్

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు అడిగినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. కవిత రాయడం మాకు రాదు. హాస్టల్ జ్ఞాపకాలు మాకంటే బాగా రాసే అన్నలు చాలామంది ఉన్నారు. అందుకని మేము చదువుతున్న చదువులోంచి ఒక పాఠం, దానితోపాటు 2024 జూలైలో ఇదే హాస్టల్లో మేము చేసిన ఒక పెద్ద పొరపాటు రాస్తున్నాం. ఆ పొరపాటు గుర్తున్న తమ్ముళ్ళు ఇప్పటికీ హాస్టల్లో ఉన్నారు. వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని మాకు తెలుసు.

ముందు ఆటోహాట్‌కీ అంటే ఏమిటో చెప్తాం. విండోస్ కంప్యూటర్లో మనం చేత్తో చేసే పనులను, అంటే కీబోర్డు మీటలు నొక్కడం, మౌసు క్లిక్ చేయడం, ఫైళ్ళకి పేర్లు మార్చడం, ఒకచోటి నుండి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేయడం వంటి వాటిని మన తరపున చేసిపెట్టే చిన్న భాష ఇది. ఉచితంగా దొరుకుతుంది. క్రిస్ మాలెట్ అనే ఆయన 2003లో మొదలుపెట్టారు. తర్వాత స్టీవ్ గ్రే దానిని ముందుకు తీసుకెళ్ళారు. 2022 డిసెంబరులో 2.0 వెర్షన్ వచ్చింది. ఈ పాఠంలో ఉన్నదంతా 2.0కి చెందినదే. పాత 1.1 వెర్షన్‌కి రాసిన స్క్రిప్టులు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిని తెచ్చి 2.0లో పెడితే నడవవు కాబట్టి ఎవరి దగ్గరైనా స్క్రిప్టు తీసుకునేటప్పుడు ముందు వెర్షన్ అడగాలి.

ఇంకొక మాట. మన పత్రిక తెలుగులో అచ్చవుతుంది కనుక వేరియబుల్ పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాశాం. కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే చేయాలి. చిన్న అక్షరాలా పెద్ద అక్షరాలా అన్న పట్టింపు ఈ భాషకి లేదు.

వేరియబుల్ అంటే పేరు రాసిన పెట్టె అనుకోండి. మనం హాస్టల్‌కి వచ్చిన మొదటి రోజు ట్రంకుపెట్టె మీద పేరు రాయించుకున్నాం కదా, అలాగన్నమాట. పేరు మనం పెడతాం, లోపల ఏం ఉండాలో మనమే పెడతాం, కావాలంటే తీసి ఇంకొకటి పెడతాం. ఇవి మన సొంత వేరియబుల్స్.

వీటితోపాటు ఆటోహాట్‌కీ తనే తయారుచేసి నింపి ఉంచే వేరియబుల్స్ కొన్ని ఉంటాయి. వీటిని బిల్టిన్ వేరియబుల్స్ అంటారు. ఇవి మన ట్రంకుపెట్టెల్లాంటివి కావు, మెస్ హాల్లో గోడ గడియారం లాంటివి. మనం దానికి కీ ఇవ్వం, ముల్లు తిప్పం, తలెత్తి చూస్తాం, టైము తెలుస్తుంది. దాదాపు అన్నిటి పేర్లూ "ఏ" అన్న అక్షరం, దాని పక్కన అండర్‌స్కోర్ అనే కింది గీతతో మొదలవుతాయి. కాబట్టి స్క్రిప్టులో ఎక్కడ కనిపించినా ఇది మనం పెట్టింది కాదు, దానంతట అది నిండేది అని గుర్తుపట్టవచ్చు.

ఒకటి చూద్దాం. నోట్‌ప్యాడ్ తెరిచి ఈ ఒక్క లైను రాసి, ఏహెచ్‌కే అన్న ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేయండి.

ఎంఎస్‌జీబాక్స్ ఏ_నౌ

తెరమీద చిన్న పెట్టెలో 14 అంకెలు కనిపిస్తాయి. మొదటి నాలుగు సంవత్సరం, తర్వాత రెండేసి అంకెల చొప్పున నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. గంటలు 24 గంటల లెక్కలో ఉంటాయి. ఉదాహరణకి 20250131184500 అని వచ్చిందంటే 2025 జనవరి 31, సాయంత్రం 6 గంటల 45 నిమిషాలు అని అర్థం.

దీనిని ఇలా ఎందుకు పెట్టారు, మనం రాసుకున్నట్టు 31-01-2025 అని పెట్టవచ్చు కదా అని మొదట మాకు అనిపించింది. సంవత్సరం ముందు ఉంటే ఫైళ్ళ పేర్లలో పెట్టుకున్నప్పుడు వాటంతట అవే పాతవి ముందు, కొత్తవి వెనక వరుసలో నిలబడతాయి. తేదీ ముందు పెడితే జనవరి 1, ఫిబ్రవరి 1, మార్చి 1 పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. మన పద్ధతిలో చూపించాలనుకుంటే ఫార్మాట్‌టైమ్ అనే ఫంక్షన్‌కి ఇస్తే అది మార్చి ఇస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఈ అంకెలు చూడటానికి సంఖ్యలా ఉంటాయి కానీ సంఖ్య కాదు. 20250131కి ఒకటి కలిపితే 20250132 వస్తుంది. జనవరి 32వ తేదీ ఏ క్యాలెండరులోనూ లేదు. కాబట్టి రోజులు కలపడానికి డేట్‌యాడ్, రెండు తేదీల మధ్య తేడాకి డేట్‌డిఫ్ అనే ఫంక్షన్లు వాడాలి. నెలాఖరులు, లీపు సంవత్సరాలు అవే చూసుకుంటాయి.

డేట్‌డిఫ్‌తో మేము హాస్టల్ ఆఫీసు కంప్యూటరుకి ఒక చిన్న స్క్రిప్టు రాశాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఇంకా ఎన్ని రోజులుందో ఉదయం కంప్యూటర్ ఆన్ చేయగానే చూపిస్తుంది. ఆఖరి తేదీ 15 అనుకోండి. దానిని ఎనిమిది అంకెలుగా ఇచ్చాం, రెండోవైపు ఏ_నౌ ఇచ్చాం. 14వ తేదీ సాయంత్రం చూస్తే "0 రోజులు" అని వచ్చింది. 15 ఉదయం చూసినా "0 రోజులు" అనే వచ్చింది. సున్నా రెండు రోజులు ఎలా ఉంటుంది?

జవాబు ఏమిటంటే, గంటలు ఇవ్వకుండా ఉత్త తేదీ ఇస్తే ఆటోహాట్‌కీ దానిని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంటుంది. 14 సాయంత్రం 6కి చూస్తే మధ్యలో ఉన్నది ఆరు గంటలే, అది పూర్తి రోజు కాదు కనుక మిగిలిన ముక్కని వదిలేసి సున్నా అంటుంది. 15 ఉదయం 10కి చూస్తే పది గంటలు దాటిపోయింది, అదీ పూర్తి రోజు కాదు, మళ్ళీ సున్నా. 14న చూసిన తమ్ముడు ఇవాళే ఆఖరని కంగారుపడతాడు, పోనీ అది మంచిదే. 15న చూసినవాడు "నిన్న కూడా ఇదే చూపించింది, దానికేం తెలుసు" అనుకుంటే ఒక సంవత్సరం స్కాలర్‌షిప్ పోతుంది. దీనికి మందు తేలికే. ఏ_నౌ లోంచి సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో మొదటి ఎనిమిది అంకెలు మాత్రం తీసుకుని రెండువైపులా తేదీలే ఇవ్వాలి. అప్పుడు 14న ఒకటి, 15న సున్నా, 16న మైనస్ ఒకటి చూపిస్తుంది.

ఏ_నౌ గురించి మరొక సంగతి. గోడ గడియారాన్ని చూసిన ప్రతిసారీ అది వేరే టైము చూపిస్తుంది. ఫోటోలను "ఇప్పటి సమయం" అన్న పేరుతో ఒక ఫోల్డరు తయారుచేసి దానిలోకి పంపాలనుకున్నాం. ఫోల్డరు తయారుచేసేటప్పుడు ఒకసారి, ఫోటో పంపే ప్రతిసారీ మళ్ళీ ఒకసారి ఏ_నౌ ని అడిగాం. మొదటి సెకనులో నాలుగైదు ఫోటోలు వెళ్ళాయి. తర్వాతి సెకనుకి పేరు మారిపోయింది, ఆ పేరుతో ఫోల్డరు లేదు, స్క్రిప్టు ఆగిపోయింది. పని మొదట్లోనే ఒక్కసారి ఏ_నౌ ని మన సొంత వేరియబుల్‌లోకి తీసుకుని, ఆ తర్వాత అదే వాడుకోవాలి. పరీక్ష హాలులో మొదలైన టైము చేతి మీద రాసుకున్నట్టన్నమాట.

ఇప్పుడు అసలు కథకి వస్తాం.

2024 జూలైలో స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం హాస్టల్లో ఉన్న 112 మంది ఫోటోలు కావలసి వచ్చాయి. ప్రతి ఫోటోకి ఆ విద్యార్థి అడ్మిషన్ నంబరే పేరుగా ఉండాలి. సెలవులకు వచ్చిన మేము ఆ పని మాకివ్వండి సార్ అని అడిగి తీసుకున్నాం. రిజిస్టరులో ఉన్న వరుసలో ఒక్కొక్కరిని నిలబెట్టి ఫోటోలు తీశాం. వాటికి 1, 2, 3 అని 112 వరకు పేర్లు పెట్టాం. రిజిస్టరులోని అడ్మిషన్ నంబర్లను అదే వరుసలో ఒక టెక్స్టు ఫైలులో టైపు చేశాం. ఇక స్క్రిప్టు చేయవలసింది ఒక్కటే. మొదటి ఫోటోకి మొదటి నంబరు, రెండో ఫోటోకి రెండో నంబరు, అలా 112 వరకు పేర్లు మార్చి "పూర్తయినవి" అనే ఫోల్డరులోకి పంపాలి. చేత్తో చేస్తే రెండు గంటల పని. స్క్రిప్టుకి అరనిమిషం కూడా పట్టదు.

మొదటి ఇబ్బంది దారి దగ్గర వచ్చింది. మేము ల్యాప్‌టాప్‌లో రాసిన స్క్రిప్టులో ఫోటోల ఫోల్డరుకి పూర్తి దారి రాసేశాం. సి డ్రైవు, యూజర్స్, మాలో ఒకడి పేరు, డెస్క్‌టాప్, ఫోటోలు, ఇలా. హాస్టల్ కంప్యూటర్లో ఆ పేరు గల యూజర్ లేడు. స్క్రిప్టుకి ఒక్క ఫోటో కూడా దొరకలేదు, తప్పు అని కూడా చెప్పకుండా నిశ్శబ్దంగా ముగిసింది. లూపుకి ఫైళ్ళేమీ దొరక్కపోతే అది ఎర్రర్ చూపదు, ఒక్కసారి కూడా తిరగకుండా బయటికి వచ్చేస్తుంది. మేము పని అయిపోయిందనుకుని టీ తాగి వచ్చాం.

ఇలాంటి చోట వాడవలసింది ఏ_స్క్రిప్ట్‌డిర్. స్క్రిప్టు ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఆ దారి దీనిలో ఉంటుంది. స్క్రిప్టుని, ఫోటోలని ఒకే ఫోల్డరులో పెట్టి, ఏ_స్క్రిప్ట్‌డిర్ పక్కన మిగతా దారి రాస్తే ఆ ఫోల్డరుని ఏ కంప్యూటరుకి తీసుకెళ్ళినా, పెన్‌డ్రైవులో పెట్టినా పని చేస్తుంది. పెన్‌డ్రైవు ఒకచోట ఇ డ్రైవుగా, ఇంకోచోట ఎఫ్ డ్రైవుగా వచ్చినా ఫరవాలేదు. అయితే దీని చివర బ్యాక్‌స్లాష్ గీత ఉండదు, మనమే పెట్టుకోవాలి. అది మరచిపోతే ఫోల్డరు పేరు, ఫైలు పేరు అతుక్కుపోయి కొత్త పేరు పుడుతుంది.

డెస్క్‌టాప్ కావాలంటే ఏ_డెస్క్‌టాప్ ఉంది. డెస్క్‌టాప్ ఎక్కడ ఉంటుందో మాకు తెలుసు కదా, దీనికి వేరియబుల్ ఎందుకు అనిపించవచ్చు. ఈమధ్య కొన్న కంప్యూటర్లలో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే డెస్క్‌టాప్ ఫోల్డరు వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలికి మారిపోతుంది. మనం చేత్తో రాసిన దారి అక్కడ తప్పుతుంది, ఏ_డెస్క్‌టాప్ తప్పదు. ఏ_వర్కింగ్‌డిర్ అని మరొకటి ఉంది. అది స్క్రిప్టు ప్రస్తుతం ఏ ఫోల్డరుని తన ఫోల్డరుగా అనుకుంటోందో చెప్తుంది. 2.0లో మొదట అది స్క్రిప్టు ఉన్న ఫోల్డరే అవుతుంది కానీ మధ్యలో మారవచ్చు. ఏ_స్క్రిప్ట్‌డిర్ మారదు. మేమైతే రెండోదే వాడతాం.

దారి సరిచేశాక 9 ఫోటోలతో పరీక్షించాం. తొమ్మిదీ సరిగ్గా వచ్చాయి. ఆ ధైర్యంతో 112 ఫోటోలు పెట్టి నడిపాం. చూస్తుండగానే "పూర్తయినవి" ఫోల్డరు నిండింది. లెక్కపెడితే సరిగ్గా 112. వార్డెన్ సారు భుజం తట్టారు. మరునాడు పొద్దున్న వాటిని అప్‌లోడ్ చేయాలి.

రాత్రి స్టడీ అవర్‌లో ఏడో తరగతి తమ్ముడొకడు ఏదో పని మీద ఆఫీసు గదిలోకి వచ్చి, తెరమీద ఫోటోలు చూసి, "అన్నా, నా నంబరు మీద వేరేవాడు ఉన్నాడు" అన్నాడు. పొరపాటున ఒకటి మారి ఉంటుందిలే అని పక్కది చూశాం. అదీ తప్పే. దాని పక్కదీ తప్పే. 112లో సరైనది ఒక్కటే మిగిలింది, రిజిస్టరులో మొదటివాడిది.

ఏం జరిగిందో ఆ రాత్రి మాకు అర్థం కాలేదు. ఫైళ్ళను కాపీ చేయకుండా మూవ్ చేశాం కాబట్టి 1, 2, 3 అన్న పాత పేర్లు పోయాయి. ఫోన్లోంచి కూడా చెరిపేశాం. చేసేదేం లేక మెస్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫోటో తెరిచి, "ఇది ఎవర్రా?" అని అడిగి, నంబరు రాసుకుని, చేత్తో పేరు మార్చాం. చిన్న తరగతుల తమ్ముళ్ళు గోడకి ఆనుకుని నిద్రపోయారు. జ్వరమొచ్చి ఇంటికి వెళ్ళినవాడి ఫోటోని వాడి అన్న గుర్తుపట్టాడు. అంతా అయ్యేసరికి రాత్రి పదకొండున్నర దాటింది. తప్పు ఫోటోలతోనే పొద్దున్న పంపేసి ఉంటే 111 మంది దరఖాస్తులు ఏమయ్యేవో ఆలోచించడానికి ఇప్పటికీ మాకు భయమే. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

తప్పు ఏ_ఇండెక్స్ దగ్గర ఉంది. లూపు అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం. ప్రస్తుతం ఎన్నోసారి తిరుగుతోందో ఏ_ఇండెక్స్‌లో ఉంటుంది. మొదటిసారి 1, రెండోసారి 2. మేము ఏమనుకున్నామంటే, లూపు మూడోసారి తిరిగేటప్పుడు చేతిలో ఉండేది 3 అన్న పేరు గల ఫోటోయే అని. కానీ ఏ_ఇండెక్స్‌కి ఫోటో సంగతి తెలియదు. పొద్దున ప్రేయర్‌లో వరుసగా నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పుకుంటాం కదా, అది మనం నిలబడిన చోటు నంబరే కానీ అడ్మిషన్ నంబరు కాదు. ముందు ఒకడు రాకపోతే మన నంబరు మారిపోతుంది. ఏ_ఇండెక్స్ కూడా అంతే.

మరి వరుస ఎందుకు మారింది? హార్డ్‌డిస్కులో ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి ఫైళ్ళ పేర్లను అక్షరాల వరుసలో ఇస్తుంది, సంఖ్యల వరుసలో కాదు. నిఘంటువులో పదాల్లాగా మొదటి అక్షరం, తర్వాత రెండో అక్షరం చూస్తుంది. ఆ లెక్కన 1 తర్వాత వచ్చేది 2 కాదు, 10. దాని తర్వాత 100, 101, అలా 109 వరకు. ఆ తర్వాత 11, 110, 111, 112, అప్పుడు 12. మన రెండో ఫోటో వంతు వచ్చేది 25వ సారి. అంటే రిజిస్టరులో రెండోవాడి నంబరు పదోవాడి ఫోటోకి, 37వ వాడి నంబరు 30వ వాడి ఫోటోకి వెళ్ళాయి. కాగితం మీద పెట్టి 112 వరకు వరుస రాసుకుని చూశాం, మొదటిది తప్ప ఏదీ తన స్థానంలో ఉండదు. 9 ఫోటోలతో పరీక్షిస్తే అన్నీ ఒంటి అంకెలే కాబట్టి ఈ తేడా బయటపడే అవకాశమే లేదు.

మమ్మల్ని ఇంకా మోసం చేసింది విండోస్ ఎక్స్‌ప్లోరర్. ఫోల్డరు తెరిచి చూస్తే 1, 2, 3 అని చక్కగా సంఖ్యల వరుసలోనే కనిపిస్తాయి. మనిషికి అనువుగా ఉండాలని ఎక్స్‌ప్లోరర్ వాటిని సర్ది చూపిస్తుంది. స్క్రిప్టుకి ఆ సర్దుబాటు ఉండదు. పెన్‌డ్రైవులైతే చాలావరకు ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి కనుక అక్కడ అక్షరాల వరుస కూడా ఉండదు, మామూలుగా ఫైళ్ళు దానిలోకి చేరిన క్రమంలో వస్తాయి. అంటే అదే స్క్రిప్టు, అవే ఫోటోలు, ల్యాప్‌టాప్‌లో ఒక ఫలితం, పెన్‌డ్రైవులో ఇంకొక ఫలితం.

నాలుగు రోజుల తర్వాత ఇదంతా తెలిసింది. అప్పుడు ఇంకొకటి కూడా తోచింది. వరుస మారిన పద్ధతి తెలిస్తే దానిని వెనక్కి తిప్పవచ్చు. 25వ నంబరు మీద ఉన్నది రెండో ఫోటో, 2వ నంబరు మీద ఉన్నది పదో ఫోటో అని జాబితా రాసుకుంటే స్క్రిప్టుతోనే సరిచేసి ఉండవచ్చు. పిల్లల్ని అంత రాత్రి వరకు కూర్చోబెట్టే పనే ఉండేది కాదు.

ఇప్పుడు సరైన పద్ధతి. ఫైళ్ళ లూపులో ఏ_లూప్‌ఫైల్‌నేమ్ అనే మరొక బిల్టిన్ వేరియబుల్ ఉంటుంది. ప్రస్తుతం చేతిలో ఉన్న ఫైలు పేరు దానిలో ఉంటుంది. ఆ పేరులోంచి స్ప్లిట్‌పాత్‌తో చుక్క తర్వాతి భాగం తీసేసి, మిగిలిన దానిని ఇంటీజర్ ఫంక్షన్‌తో అంకెగా మార్చి, ఆ అంకెతో జాబితాలోంచి అడ్మిషన్ నంబరు తీసుకోవాలి. ఫైళ్ళు ఏ వరుసలో వచ్చినా 37 అన్న ఫోటోకి 37వ నంబరే వస్తుంది. ఎన్నోసారి అన్న ప్రశ్నకి ఏ_ఇండెక్స్, ఏ ఫైలు అన్న ప్రశ్నకి ఏ_లూప్‌ఫైల్‌నేమ్. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

లూపులో లూపు రాసేటప్పుడు కూడా ఏ_ఇండెక్స్‌తో జాగ్రత్త. లోపలి లూపులో ఉన్నంతసేపు అది లోపలి లెక్కే చెప్తుంది. బయటి లెక్క కావాలంటే లోపలికి వెళ్ళకముందే సొంత వేరియబుల్‌లో దాచుకోవాలి.

జాబితా చదవడంలో ఉన్న చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పేర్లు తెలుగులో ఉంటే ఇది అందరికీ ఎదురవుతుంది. లూప్ రీడ్‌తో ఫైలుని ఒక్కొక్క లైనుగా చదివితే ఆ లైను ఏ_లూప్‌రీడ్‌లైన్‌లో వస్తుంది. నంబర్లయితే సరే. విద్యార్థుల పేర్లు తెలుగులో టైపు చేసి చదివిస్తే అర్థంకాని గీతలు వచ్చాయి. ఆటోహాట్‌కీ 2.0 తన స్క్రిప్టు ఫైలుని యూటీఎఫ్-8గానే చదువుకుంటుంది కానీ, మనం చదవమని ఇచ్చే ఇతర ఫైళ్ళను ఏమీ చెప్పకపోతే కంప్యూటరు పాత పద్ధతి కోడ్‌లో చదువుతుంది. దీనికి ఏ_ఫైల్‌ఎన్‌కోడింగ్ అనే వేరియబుల్‌లో యూటీఎఫ్-8 అని మనం రాయాలి. గోడ గడియారం ముట్టుకోకూడదని చెప్పాం కానీ, ఇలా మనం మార్చదగినవి కూడా కొన్ని ఉన్నాయి. ఏ_క్లిప్‌బోర్డ్ కూడా అలాంటిదే. దానిలో మనం ఏం పెడితే అది కాపీ చేసినట్టవుతుంది. ఏ_నౌ కి మాత్రం విలువ ఇవ్వబోతే స్క్రిప్టు మొదలు కాకుండానే ఎర్రర్ చూపిస్తుంది.

ఎక్సెల్‌లో తెలుగు పేర్లున్న జాబితాని మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకాన్ని ఎంచుకోవాలి. డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించిన జాబితా అయితే ఏ ఎన్‌కోడింగ్ పెట్టినా లాభం లేదు. అది చూడటానికే తెలుగు, లోపల ఉన్నవి వేరే గుర్తులు. ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

తెలుగుతో వచ్చే ఇంకొక తమాషా ఉంది. ఏ_డిడిడిడి అనే వేరియబుల్ ఇవాళ ఏ వారమో చెప్తుంది. మా జూనియర్ ఒకడు ఆదివారం అయితే ఒక పని చేయమని స్క్రిప్టు రాసి, దానిని ఇంగ్లీషు సండేతో పోల్చాడు. వాడి కంప్యూటర్లో నడిచింది. ప్రాంతీయ భాష తెలుగుగా పెట్టుకున్న వాడి స్నేహితుడి కంప్యూటర్లో ఎన్ని ఆదివారాలు గడిచినా నడవలేదు. అక్కడ ఆ వేరియబుల్‌లో వచ్చేది తెలుగులో "ఆదివారం". పోల్చడానికి ఏ_డబ్ల్యుడే వాడాలి. అది అంకె ఇస్తుంది, ఆదివారం 1, సోమవారం 2, శనివారం 7. భాష ఏదైనా అంకె మారదు.

ఏ_టైమ్‌ఐడిల్ అని ఒకటుంది, కీబోర్డు, మౌసు ఎవరూ ముట్టుకోక ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్తుంది. 60000 దాటితే నిమిషం అయినట్టు. ఎవరైనా టైపు చేస్తుండగా మన స్క్రిప్టు మధ్యలో దూరి మీటలు నొక్కకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

పేరు తప్పు టైపు చేస్తే ఏమవుతుందని అడుగుతారు. 1.1లో ఖాళీ వచ్చేది, ఏ మాటా చెప్పేది కాదు. ఏ_స్క్రిప్ట్‌డిర్‌లో ఒక అక్షరం తప్పు పడితే దారి ముందు భాగం మాయమై మిగిలిన సగంతో పని జరిగిపోయేది. 2.0లో ఇలాంటి వేరియబుల్‌కి విలువే లేదని హెచ్చరిక వస్తుంది. మేము పాతది వదిలి కొత్తదానికి మారడానికి ఇదొక్కటే చాలనిపించింది.

ఆ రాత్రి తర్వాత మా స్క్రిప్టులన్నిటిలో రెండు మార్పులు చేశాం. ఒకటి, మూవ్ బదులు కాపీ. అసలు ఫోటోలు ఉన్నచోటే ఉంటాయి. రెండు, లాగ్ ఫైలు. ప్రతి ఫోటోకి ఒక లైను చొప్పున, ఏ_నౌ, ఏ_కంప్యూటర్‌నేమ్, ఏ_లూప్‌ఫైల్‌నేమ్, పెట్టిన కొత్త పేరు, ఈ నాలుగింటినీ మధ్యలో కామా పెట్టి, ఫైల్‌అపెండ్‌తో ఏ_స్క్రిప్ట్‌డిర్‌లో ఉన్న లాగ్ ఫైలు చివర రాయిస్తాం. నాలుగులో మూడు మనం నింపనక్కరలేనివే. ఎప్పుడు, ఏ కంప్యూటర్లో, ఏది, ఏమైందో వెతుక్కోవచ్చు. మొదట్లో దీనివల్ల స్క్రిప్టు కాస్త నెమ్మదిస్తుందేమో అని మాలో ఒకడు అన్నాడు. 112 లైన్లకి తేడా తెలియను కూడా తెలియలేదు.

సరిచేసిన స్క్రిప్టు, 1 నుండి 12 వరకు పేర్లున్న డజను ఖాళీ ఫైళ్ళు, వాటికి ఒక నంబర్ల జాబితా హాస్టల్ ఆఫీసు కంప్యూటర్లో "పాఠం" అనే ఫోల్డరులో పెట్టాం. పాత తప్పు స్క్రిప్టుని కూడా అక్కడే ఉంచాం. ముందు తప్పుదానిని నడిపి, 2వ ఫైలుకి ఏ నంబరు వచ్చిందో చూసి, ఎందుకు వచ్చిందో కాగితం మీద వరుస రాసుకుని, ఆ తర్వాత సరైనదానిని నడపండి. రెండిటికీ తేడా ఒకే ఒక్క లైను. వార్డెన్ సారుని అడిగితే ఆదివారం మధ్యాహ్నం గది తాళం ఇస్తారు.